ఫీడరు తెలిసిన మనిషి

సోంపేట నుంచి బారువ దాకా కరెంటు తీగ నిలబెట్టడం ఎంత కష్టమో ఆ తీగ కింద బతికినవాళ్ళకు తెలుసు. తూర్పున సముద్రం. అక్కణ్ణించి వీచే గాలిలో ఉప్పుంటుంది. అది ఇనప క్రాస్‌ఆర్ముల్ని, బోల్టుల్ని కొద్ది ఏళ్ళలోనే తినేస్తుంది. మధ్యలో బీల అనే తడినేల. వానాకాలమంతా నీళ్ళు, ఆ తర్వాత బురద. స్తంభం పాతితే నేల పట్టు దొరకదు. మిగిలిన చోటంతా కొబ్బరి, జీడి, పనస. తీగ మీదికి వంగని చెట్టు వెతికినా కనిపించదు. పడమట మహేంద్రగిరి. ఎండాకాలం సాయంత్రాల్లో ఆ కొండ వైపు నల్లబడిందంటే కాసేపట్లో గాలీ ఉరుమూ ఊరి మీదికి వచ్చేస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ ముక్కని ముప్పై అయిదేళ్ళు తన కాళ్ళతో, సైకిలుతో, ఆ తర్వాత మోపెడ్‌తో తిరిగి కాపాడిన లైన్‌మన్ ఒకాయన ఈ వేసవిలో కన్నుమూశారు.

ఆయన పేరు రాయొద్దని ఇంట్లోవాళ్ళు కోరారు. రాసినా ఊళ్ళో చాలామంది పోల్చుకోలేరు. పల్లెల్లో ఆయన ‘కరెంటు బాబు’. ఆఫీసులో గురువుగారు. మా వీధి పిల్లలందరికీ మావయ్య. ఒక చిన్న పట్టణం తన డాక్టరునీ హెడ్‌మాస్టరునీ గుర్తుపెట్టుకుంటుంది, వాళ్ళ పేర్లతో శిలాఫలకాలు వేస్తుంది. అర్ధరాత్రి వానలో స్తంభం ఎక్కినవాడికి ఊళ్ళో ఎక్కడా ఫలకం లేదు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

మాచ్‌ఖండ్ పుట్టిన ఏడాది

ఆయన 1955లో పుట్టారు. ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కూడా ఆ ఏడాదే కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. దుడుమ జలపాతం దగ్గర కొండల్లో పుట్టిన ఆ కరెంటు ఉత్తర కోస్తాకు మొదటి పెద్ద ఆసరా. ఆ పొంతన ఆయనకు భలే ఇష్టం. వయసు ఎవరడిగినా, “మాచ్‌ఖండ్‌దీ నాదీ ఒకటే ఈడు” అనేవారు. రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959లో. ఊళ్ళకు స్తంభాలు చేరడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పట్టింది. ఆయన చిన్నతనమంతా కిరసనాయిలు బుడ్డి వెలుగులోనే గడిచింది.

1978లో మస్టర్ రోల్ మీద హెల్పరుగా చేరారు. అంతకు ముందటి నవంబరులోనే దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పుడు కూలిన లైన్లు తిరిగి నిలబెట్టడానికి వెళ్ళొచ్చిన పెద్ద మేస్త్రీల దగ్గర ఆయన పని నేర్చుకున్నారు. మొదటి నాలుగేళ్ళు చేతికి పలుగూ పారే తప్ప ప్లయరు ఇవ్వలేదట. గోతులు తవ్వడమే పని. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభానికి అయిదడుగుల లోతు కావాలి. మామూలు నేలలో ఇద్దరు మనుషులు పూటలో తవ్వేస్తారు. బీలలో మూడడుగులు దిగేసరికి నీళ్ళు ఊరతాయి, పక్కలు కూలతాయి. నీళ్ళు తోడుతూ, రాళ్ళు పేర్చుతూ, గోతిలో నడుం లోతు బురదలో నిలబడి స్తంభాన్ని పట్టుకోవాలి. అప్పట్లో క్రేన్లు లేవు. మోకులు, వాసాలు, పదిమంది భుజాలు, ఒక్క గొంతు ‘హైలెస్సా’. అలా పాతిన స్తంభాలకు రెండు వైపులా స్టే వైర్లు లాగి బిగించేవాళ్ళు. పశువులు మేపేవాళ్ళు గేదెల్ని ఆ స్టేలకు కట్టేస్తే ఆయనకు వచ్చే కోపం ఊరందరికీ తెలుసు. ఇన్సులేటరు చిట్లి ఎప్పుడైనా కరెంటు స్టేలోకి దిగితే ముందు పోయేది ఆ గేదె, ఆ తర్వాత దాన్ని విప్పబోయిన మనిషి.

హెల్పరు నుంచి అసిస్టెంట్ లైన్‌మన్, ఆ పైన లైన్‌మన్, చివర్లో లైన్ ఇన్‌స్పెక్టర్. ఈ మధ్యకాలంలో పైన బోర్డులు మారాయి. 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో పంపిణీ సంస్థలు వచ్చాయి, సోంపేట విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు ప్రాంత సంస్థ కిందికి వెళ్ళింది. జీతం చీటీ మీద పేరు మారిందని ఆయనకు తెలుసు, అంతే. తీగ మాత్రం అదే తీగ.

ఆయన బుర్రలో ఉన్న పటం

సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరిన పదకొండు కేవీ లైనుని ఫీడరు అంటారు. ఒక్కో ఫీడరు ఊళ్ళ మీదుగా, తోటల మీదుగా మైళ్ళ కొద్దీ పోతుంది. దాని మీద పదుల కొద్దీ ట్రాన్స్‌ఫార్మర్లు. ఎక్కడో ఒకచోట మట్ట పడితే సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది. అప్పుడు ఫీడరంతా చీకటే. తప్పు ఎక్కడుందో అక్కడి ఆపరేటరుకు తెలియదు. లైను వెంట నడిచి వెతకాలి. పొడవాటి ఫీడరుని మధ్యమధ్య ఏబీ స్విచ్చులతో విడగొట్టి, ఈ ముక్క బాగుందా, ఆ ముక్క బాగుందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. కొత్తవాళ్ళకు రాత్రంతా పట్టే పని. ఆయనకు తరచుగా గంట కూడా పట్టేది కాదు.

ఎలా అంటే, గాలి ఏ వైపు నుంచి వీచిందో ముందు అడిగేవారు. వాన ముందొచ్చిందా, గాలి ముందొచ్చిందా అని అడిగేవారు. ఎవరి తోటలో ఏ చెట్టు ఎంత వంగిందో, ఏ రెండు స్తంభాల మధ్య తీగ వదులై వేలాడుతోందో, ఏ జంపరుని ఎప్పుడు అతుకేశారో ఆయనకు జ్ఞాపకం. తూర్పుగాలి అయితే ముందు బారువ వైపు పోయేవారు. గాలీ వానా లేకుండా, మంచు పడే తెల్లవారుజామున కరెంటు పోతే నేరుగా సముద్రం దగ్గరి స్తంభాలకే వెళ్ళేవారు. ఎండినన్నాళ్ళు ఇన్సులేటరు మీద పేరుకున్న ఉప్పు ఏ హానీ చెయ్యదు. మంచుకు తడిసిందంటే కరెంటుకు దారి ఇస్తుంది. తీగ దగ్గర చిటపటమనే చప్పుడు, నీలంగా చిన్న మెరుపు. చీకట్లో కింద నిలబడి చెవితో వెతికేవారు.

ఇదేదీ రిజిస్టర్లలో లేదు. రిజిస్టరులో స్తంభం నంబరుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ ఉంటుంది. ఆ స్తంభం పక్కనున్న పనసచెట్టు కొమ్మ కిందటేడు కొట్టినా మళ్ళీ అదే వైపు చిగురించిందని ఉండదు. ఈ ఊరికి కరెంటు తిరిగి రావడానికి పట్టే సమయం ఇన్నేళ్ళూ ఒక మనిషి జ్ఞాపకం మీద నడిచిందని నాకు గట్టి నమ్మకం. ఆ జ్ఞాపకం ఊరి ఆస్తి. దాన్ని ఎవరూ అలా లెక్కపెట్టలేదు.

అత్త పుస్తకం

సెల్‌ఫోన్లు రాకముందు ఫిర్యాదు అంటే మనిషే రావాలి. రాత్రి ఏ వేళైనా సైకిలు వేసుకుని వచ్చి మావయ్య ఇంటి తలుపు కొట్టేవాళ్ళు. ఆయన ఇంట్లో ఉంటే కదా. తలుపు తీసేది అత్త. ఆమె ఏమీ చదువుకోలేదు, కానీ అడిగే ప్రశ్నలు ఇంజినీరు అడిగేవే.

“ఊరంతా పోయిందేటి, మీ ఇంటికేనా?”

“మా వీధంతా పోయింది పిన్నీ.”

“అవతల వీధిలో ఉన్నాదా? ఉంటే సన్నగా ఎలగతందా, బాగా ఎలగతందా?”

సన్నగా వెలుగుతోందంటే ఒక ఫేజు తెగిందన్న మాట. అవతల వీధిలో బాగా ఉందంటే ఈ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందన్న మాట. మొత్తం లేదంటే సబ్‌స్టేషన్‌కి కబురు. ట్రాన్స్‌ఫార్మర్లకు నంబర్లు ఆమెకు పనికిరావు. రైసుమిల్లుది, గుడి దగ్గరది, సంత తోటది, ఇలా ఆమె లెక్క ఆమెది. మావయ్య రాగానే వరసగా చెప్పేది. ఆ తర్వాత కూతురు బడికెళ్ళే ఈడుకొచ్చాక ఒక నోటుపుస్తకం పెట్టి, అమ్మ చెబుతుంటే రాసేది. చాలా ఏళ్ళ పాటు ఈ ఊరి ఫ్యూజ్ కాల్ ఆఫీసు ఆ ఇంటి వరండానే. జీతం మాత్రం ఒక్కరికే వచ్చింది.

ఆ పుస్తకాల్లో రెండు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదానిలో ఒకే రోజున ఒకే ఇంటి నుంచి నాలుగుసార్లు ఫిర్యాదు. పక్కన పిల్లరాతలో ‘పెళ్ళి’ అని ఉంది. ఆ పెళ్ళికి మావయ్య భోజనానికి వెళ్ళలేదు, మధ్యాహ్నం నుంచి తాళి కట్టేదాకా ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కనే కూర్చున్నారని అత్త చెప్పింది. మైకు సెట్టు, సీరియల్ లైట్లు, గ్రైండర్లు, అన్నీ ఒకే ఫేజు మీద ఎక్కించారు. ఫ్యూజు ఎగిరిపోతోంది. పెళ్ళివారి తరఫు పెద్దమనిషి వచ్చి, మందం తీగ వేసెయ్, ఇంక పోదు కదా అన్నాడు. ఆ మాటకు ఆయన ఇచ్చిన జవాబు ఊళ్ళో చాలామందికి కంఠతా వచ్చు. “ఫ్యూజు పోతే పది నిమిషాలు సీకటి. ట్రాన్స్‌ఫారం పోతే పది రోజులు సీకటి. ఏది కావాలో నువ్వే సెప్పు బాబూ.”

ఆయన మందం తీగ వెయ్యలేదు. లోడుని మూడు ఫేజుల మీదికి పంచి ఇచ్చారు. అమ్మవారి సంబరాల్లోనూ ఇదే తంతు. కొక్కేలు వేసి కరెంటు లాగేవాళ్ళతో ఆయన పోట్లాడింది తక్కువ. ముందు కొక్కెం తీయించి, ఆఫీసులో తాత్కాలిక కనెక్షనుకు డబ్బు కట్టించి, ఆ పైన స్వయంగా తనే వెళ్ళి లైటింగు సరిచేసి వచ్చేవారు. కొందరు ఆయన్ని చాదస్తుడన్నారు. నా లెక్కలో ఆ చాదస్తమే కొన్ని ప్రాణాలు నిలబెట్టింది.

కొబ్బరిచెట్టుతో పంచాయితీ

ఉద్దానంలో లైన్‌మన్‌కి అసలు పరీక్ష కరెంటుతో కాదు, కొబ్బరితో. ఇక్కడి రైతు కొబ్బరిచెట్టుని కొడుకుతో సమానంగా చూస్తాడు. అది ఊరికే అనే మాట కాదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు చాలా ఇళ్ళకు నెలనెలా చేతికొచ్చే డబ్బు ఆ చెట్టు ఇచ్చేదే. జీడి ఏడాదికొక్కసారి, ఎండాకాలంలో. ఎనభై కేజీల బస్తా ఎంతకు పోయిందన్న దాని మీద పెళ్ళిళ్ళు, అప్పులు తేలతాయి. మధ్యలో బియ్యం ఉప్పూ నడిపేది కొబ్బరికాయ. అలాంటి చెట్టు మీదికి కత్తి పట్టుకుని వచ్చేవాణ్ణి ఎవరు రానిస్తారు?

లైను కింద చెట్టు పెరిగితే కొట్టేసే అధికారం శాఖకు ఉంది. ఆ అధికారం వాడితే పదిమందిని వెంటేసుకుని రావాలి, ఒక తరం శత్రుత్వం మిగుల్చుకోవాలి. మావయ్య పద్ధతి వేరు. వానాకాలానికి ముందు తోట తోటకీ వెళ్ళి ఇంటి ముసలమ్మతో మాట్లాడేవారు. ఈ మూడు మట్టలు తీగ మీదికొస్తున్నాయి, ఇవి తీయిస్తాను, మొవ్వు ముట్టుకోనివ్వను. మొవ్వు పోతే చెట్టు చస్తుందని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ హామీ మీద పని జరిగేది. కొట్టిన మట్టలు అక్కడే కుప్పగా పేర్చి ఇచ్చేవారు, పొయ్యిలోకో తడికలకో పనికొస్తాయని. కొత్తగా మొక్క పాతేవాళ్ళకు తీగ నుంచి ఎన్ని అడుగులు జరపాలో అడుగులేసి చూపించేవారు. ఈ పనికి ఆయన ఉద్యోగంలో మార్కుల్లేవు. తెగిన తీగ అతికితే రికార్డులో పడుతుంది. తెగకుండా ఆపింది ఏ రికార్డులోనూ పడదు.

బీల పోరాటం నాటి మాట

సోంపేట పేరు రాష్ట్రమంతా మోగింది 2010 జూలై 14న. బీల భూముల్లో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా లేచిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి రిలే దీక్షలు సాగాయి. వరి, చేపలు, వలస పక్షులు, చుట్టుపక్కల పల్లెల తాగునీరు, ఇన్నిటికి ఆధారమైన ఆ తడినేలని జనం వదులుకోలేదు.

అప్పట్లో దూరాన ఉన్నవాళ్ళు కొందరు, వీళ్ళకు కరెంటు వద్దా, చీకట్లో ఉంటారా అని విసిరారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. కరెంటు విలువ సోంపేట జనానికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకరోజు మావయ్యనే నేరుగా అడిగాను, పెద్ద పవర్ ప్లాంటు పక్కనే వస్తే మనకు కరెంటు బాగుండేది కదా అని. ఆయన అప్పటికి కొలువులో ఉన్నారు, నాతో రాజకీయం మాట్లాడలేదు. పని మాటే మాట్లాడారు.

“మనూరికి కావాల్సింది కరెంటు కాదు అల్లుడూ, మంచి తీగ. కరెంటు ఎక్కడో కొండల్లో పుట్టినా మనకొస్తాది. మన పక్కనే పుట్టినా మట్ట పడి తీగ తెగితే రాదు.”

మెగావాట్ల గురించి, కొరత గురించి ఎన్నో వ్యాసాలు చదివాను. పల్లెలో బల్బు ఎందుకు ఆరిపోతుందో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. కోతల రోజుల్ని పక్కనపెడితే, ఉద్దానంలో చీకటి ఎక్కువగా పుట్టింది పాత తీగలోనూ, తుప్పు పట్టిన క్లాంపులోనూ, మోయలేనంత లోడు పడిన ట్రాన్స్‌ఫార్మర్లోనూ. వాటికి కావాల్సిన డబ్బు ఒక ప్లాంటుకయ్యే ఖర్చు ముందు ఎంత?

అక్టోబరు రెండో వారం

ఉద్దానంవాళ్ళకు అక్టోబరు రెండో వారమంటే భయం పట్టుకుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర నేలను తాకింది. ఫైలిన్ పనులు ఆయన కొలువులో చివరి పెద్ద పనులు. ఆ ఏడాది చివర్లోనే రిటైరయ్యారు.

తిత్లీ వచ్చేనాటికి నవరాత్రులు మొదలై ఒక్కరోజే అయింది. గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. ఉద్దానం తోటలు నేలమట్టమయ్యాయి. ముప్పై నలభై ఏళ్ళ కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడ్డాయి, జీడితోటలు చీలికలయ్యాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలాసలోనే బస చేసి సహాయ పనులు చూశారు. స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. తీగలు పడిన చెట్ల కింద ఎక్కడున్నాయో కూడా తెలియదు. కరెంటు లేకపోతే మోటార్లు లేవు, మోటార్లు లేకపోతే మంచినీళ్ళు లేవు. రోజులు గడిచేకొద్దీ జనం రోడ్డెక్కారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ అది ఎదురుగా దొరికిన కరెంటు కుర్రాళ్ళ మీద పడింది. తిండీ నిద్రా లేకుండా వేరే జిల్లాల నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్ళు వాళ్ళు.

ఆ కుర్రాళ్ళకు ఈ నేల తెలియదు. ఏ లైను ఏ తోటలోంచి పోయిందో చూపించేవాడు లేడు. అప్పుడు వెళ్ళారు మావయ్య, రిటైరై అయిదేళ్ళు కావస్తున్న మనిషి, తువ్వాలు తలకు చుట్టుకుని. ఎవరూ రమ్మనలేదు. పడిపోయిన చెట్ల మధ్య నిలబడి, ఇక్కడ స్తంభం ఉండాలి, ఇక్కణ్ణించి మలుపు తిరగాలి అని వేలుపెట్టి చూపించారు. ముందు ఆసుపత్రి, ఆ తర్వాత నీళ్ళ ట్యాంకు, ఆ తర్వాతే వీధులు అని వరస చెప్పారు.

ఒక పూట జరిగిన సంగతి పక్కనే ఉన్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. లైను మీద తీగ బిగించడానికి ఒక కుర్రాడు నిచ్చెన వేశాడు. మావయ్య ఆపి, రెండు వైపులా తీగల్ని షార్టు చేసి ఎర్తు వెయ్యమన్నారు. కుర్రాళ్ళకు విసుగొచ్చింది. “సబ్‌స్టేషన్లోనే కరెంటు లేదు కదా బాబాయ్, ఎర్తు దేనికి?” అన్నారు.

“ఊర్లో జనరేటర్లు ఎన్నున్నాయో నెక్కెట్టినావేటి?”

ఈ మాట వెనకున్న సంగతి ప్రతి ఇంటివాళ్ళూ తెలుసుకోవాల్సింది. ట్రాన్స్‌ఫార్మర్ పదకొండు వేల వోల్టుల్ని నాలుగు వందల చిల్లరకు దించుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్ తిరగేసి కూడా పనిచేస్తుంది. ఒక ఇంట్లోనో కొట్టులోనో చిన్న జనరేటరు ఆన్ చేసి, మెయిన్ స్విచ్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా వీధి లైనుకెక్కుతుంది. అక్కణ్ణించి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయి మళ్ళీ వేల వోల్టులై పెద్ద లైనులోకి వస్తుంది. లైను చచ్చిపోయిందన్న నమ్మకంతో పైన చెయ్యి వేసినవాడికి ఆ ఇల్లు ఎక్కడుందో కూడా తెలియదు. ఆయన కొలువు మొదట్లో ఇలాగే తోటివాడొకడు ఆయన కళ్ళముందే పోయాడని అత్త చెప్పింది. ఆ సంగతి ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

తిత్లీ రోజుల్లో ఆయన ఉన్న లైన్లమీద ఒక్కరికీ ఏమీ కాలేదు.

మంచం మీంచి విన్న బ్రేకరు

ఉద్దానం గురించి రాస్తూ కిడ్నీ జబ్బు గురించి రాయకపోతే అబద్ధం రాసినట్టే. ఇంటికొకరన్నట్టుగా ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న ఆ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంతవరకు తేలలేదు. ఎండలో, చెమటలో పనిచేసేవాళ్ళే ఎక్కువగా దాని పాలపడుతున్నారు. చివరి ఏళ్ళలో మావయ్యకూ వచ్చింది. సోంపేట ఆసుపత్రిలో డయాలిసిస్. వారానికి రెండుసార్లు, విడతకు నాలుగు గంటలు.

ఒకప్పుడు ఆ ఆసుపత్రికి వెళ్ళే లైను ఆయనే చూసేవారు. చివరికి ఆ లైను మీదే ఆధారపడి అక్కడ మంచం మీద ఉన్నారు. కరెంటు ఒక్క క్షణం మిణుకుమంటే పక్క మంచాల్లోవాళ్ళు బెదిరిపోయేవాళ్ళు. మెషీనుకి బ్యాటరీ ఉంటుంది, ఆసుపత్రికి జనరేటరు ఉంటుంది. అయినా ఒంట్లోని రక్తం బయట తిరుగుతున్నప్పుడు లైటు ఆరిపోతే ఎవరికి గుండె నిబ్బరం ఉంటుంది? ఆయన కళ్ళు మూసుకునే చెప్పేవారట. “బ్రేకరు పడింది. మట్టేదో తగిలి రాలిపోయుంటాది. ఒకసారి వేసి సూస్తారు, నిలబడిపోద్ది.” చాలాసార్లు అలాగే అయ్యేది. ఆ వార్డులో నర్సమ్మలు కూడా లైటు ఆగితే ముందు ఆయన మొహం చూసేవాళ్ళని చెప్పారు.

ఆయన పోయిన రోజు ఉదయం నుంచే పల్లెల వాళ్ళు వచ్చారు. కొలువులో ఉన్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు, ఏ రికార్డులోనూ పేరు లేకుండా ఆయన వెంట తిరిగి పని నేర్చుకున్న ప్రైవేటు కుర్రాళ్ళు. ఈ చివరివాళ్ళ గురించి ఒక్కమాట. మన రాష్ట్రాల్లో చాలా పల్లెల్లో స్తంభం ఎక్కేది ఇలాంటి కుర్రాళ్ళే. ప్రమాదం జరిగితే వాళ్ళ ఇంటికి పింఛనూ లేదు, పరిహారమూ గ్యారంటీ లేదు. తన సెక్షన్లో అలాంటివాళ్ళని మావయ్య పైకి ఎక్కనిచ్చేవారు కాదు. కింద నిలబెట్టి తాడు అందించమనేవారు. తన యాభై ఏడో ఏటా పైకెక్కింది ఆయనే.

ఇప్పుడు గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లుగా వచ్చిన కొత్త జూనియర్ లైన్‌మన్లు చదువుకున్నవాళ్ళు, ఉత్సాహం ఉన్నవాళ్ళు. తెలంగాణలో అమ్మాయిలు కూడా కోర్టుకెళ్ళి, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి ఈ కొలువులోకి వచ్చారు. అది చూసి ఆయన ఎంతో సంతోషించారు. సోంపేటలో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఆయన మంచం పట్టకముందు సాయంత్రాలు బండి మీద ఎక్కించుకుని ఫీడరంతా తిప్పించుకున్నాడు, ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. ఇది ఆ కుర్రాడి సొంత తెలివి. రిటైరయ్యే ప్రతి లైన్‌మన్‌తోనూ చివరి మూడు నెలలు కొత్తవాణ్ణి ఫీడరు వెంట నడిపించి, ప్రతి స్పాను గురించీ ఆయన చెప్పేది రాయించుకుంటే పంపిణీ సంస్థలకు పైసా ఖర్చు లేదు. ఏటా మార్చి 4న లైన్‌మన్ దివస్ అని శాలువాలు కప్పుతున్నారు. మంచిదే. ఆ రోజునే ఈ పని మొదలుపెట్టమని అధికారుల్ని కోరుతున్నాను.

పాఠకులను కోరేది ఇంకొకటుంది. మావయ్య ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటే అది. మీ ఇంట్లో, కొట్లో జనరేటరుగానీ ఇన్వర్టరుగానీ ఉంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, దాని కరెంటు బయటి లైనులోకి పోయే వీలుందేమో ఈ వారంలోనే చూపించుకోండి. జనరేటరుకు ఛేంజ్‌ఓవర్ స్విచ్ లేకపోతే పెట్టించండి. తీగ తెగి పడి ఉంటే దగ్గరికి వెళ్ళకుండా, ఎవరినీ వెళ్ళనివ్వకుండా 1912కి ఫోను చెయ్యండి.